గోపన్‌పల్లి వారి సొరుగు

1971 జూన్ రెండో మంగళవారం నాడు, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, బుచ్చమ్మ మేక డెబ్భై ముగ్గురు మనుషుల్ని తినేసింది. ఈ సంగతిని టైమాఫీసు గుమాస్తా కొల్లూరి సీతారామాంజనేయులు తన పై అధికారి విశ్వేశ్వరరావు గారికి ఆ రోజే కాగితం మీద పెట్టి తెలియజేశాడు. ‘గ’ అక్షరం మొత్తం, ‘చ’లో కొంత భాగం తిరిగి తీసుకునే స్థితిలో లేవనీ, మేక మాత్రం కులాసాగానే ఉందనీ రాశాడు. విశ్వేశ్వరరావు గారు దాని కింద ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టారు.

మేక తిన్నవి కార్డులు. ముందు రోజు పడిన తొలకరి వానకు టైమాఫీసు రేకు కారింది. తడిసిన కార్డుల్ని సీతారామాంజనేయులు వరండాలో వరసగా ఆరబెట్టి, వాటి మీద కంకర రాళ్ళు పెట్టి, గాలికి ఎగరకుండా ఇంత జాగ్రత్త చేశాను కదా అని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. గాలి సంగతి ఆలోచించాడు గానీ మేక సంగతి ఆలోచించలేదు. టీ కొట్టు బుచ్చమ్మ మాత్రం తప్పంతా అతని మీదే వేసింది.

“నీ సిరా తిని నా మేక పాలియ్యకపోతే ఎవలు జవాబు చెప్తరు సారూ?” అని వరండా మెట్ల మీద నిలబడి అరిచింది. మర్నాడు అతని టీలో పాలు నిజంగానే తక్కువ పోసింది.

ఆ కార్డులేమిటో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

బొంబాయి రోడ్డు మీద చందానగర్ దాటాక ఆ రోజుల్లో ఒక పెద్ద కర్మాగారం లేస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండలు పేలే చప్పుడు. నాలుగు వేల మంది కూలీలు. అందులో ఒక మనిషి సాయంత్రం ఇంటికి రాకపోతే, తెల్లారి అతని మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వెతకడానికి నాలుగు పుస్తకాలుండేవి. హాజరు పుస్తకం టైమాఫీసులో, ఇంగ్లీషులో, టోకెన్ నంబరు ప్రకారం ఉండేది. గుత్తేదారు పుస్తకం తెలుగులో, ముఠాల వారీగా ఉండేది. దవాఖాన రిజిస్టరు ఇంగ్లీషులో, తారీఖుల వారీగా ఉండేది. ఠాణా పుస్తకం ఉర్దూలో, అక్కడి జమేదారు బుర్రలో ఏ పద్ధతి ఉందో ఆ పద్ధతిలో ఉండేది. ఈ నాలుగింటికీ మధ్య దూరం మైలున్నర.

ఒక వేసవి రోజు పొద్దున సీతారామాంజనేయులు ఒక ముసలామెను “ఇక్కడ కాదమ్మా, దవాఖానలో అడుగు” అని పంపించాడు. దవాఖాన వాళ్ళు ఠాణాకు పంపారు. ఠాణా వాళ్ళు గుత్తేదారు దగ్గరకు పంపారు. గుత్తేదారు టైమాఫీసుకు పంపాడు. సాయంత్రం నాలుగింటికి ఆమె మళ్ళీ అతని కిటికీ ముందే నిలబడి, పొద్దున అడిగిన మాటే, పొద్దున అడిగినంత వినయంగానే అడిగింది. అతన్ని గుర్తుపట్టలేదు కూడా. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం సగంలోనే లేచాడని అతని భార్య సుబ్బలక్ష్మి చాలా ఏళ్ళు చెప్పుకునేది. పుస్తకాలు ఎక్కడివక్కడ ఉండనీ, అడిగే చోటు మాత్రం ఒక్కటి కావాలి అని అతనికి అప్పుడే తట్టింది.

యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కలతో వడ్రంగి చేత పెద్ద పెట్టె చేయించాడు. అక్షరానికో సొరుగు. హాజరు పుస్తకానికి నీలం కార్డు, గుత్తేదారుకు తెల్లది, దవాఖానకు పసుపుది, ఠాణాకు ఎర్రది. చదువు రానివాళ్ళకు కూడా రంగు తెలుస్తుంది కదా అని అతని ఆలోచన. రోజూ పొద్దున్నే అటెండరు ఎల్లేశం సైకిల్ మీద నాలుగు చోట్లా తిరిగి, ముందు రోజు ఎక్కిన పేర్లు రాసుకుని వచ్చేవాడు. ఎల్లేశంది నల్లగండ్ల. నిజాం రోజుల్లో అయిదో తరగతి దాకా ఉర్దూలో చదివినవాడు కాబట్టి జమేదారు రాత అతనికి తప్ప ఎవరికీ కొరుకుడు పడేది కాదు. జమేదారుకే ఒక్కొక్కసారి ఎల్లేశం చదివి పెట్టేవాడు.

అడిగేవాళ్ళ కోసం సీతారామాంజనేయులు మొదట ఒక ఫారం తయారు చేశాడు. తొమ్మిది ప్రశ్నలు. మొదటిది: ‘తప్పిపోయిన వ్యక్తితో దరఖాస్తుదారునికి గల సంబంధము’. నెల రోజుల్లో నింపిన ఫారం ఒక్కటే వచ్చింది. అది నమూనా కోసం అతను స్వయంగా నింపి గోడకు అంటించింది. అది కూడా ఊడి పడితే ఎవరో తెచ్చిచ్చారు.

ఫారం తీసేసి, నోటితోనే అడగడం మొదలుపెట్టాడు. అప్పుడు కిటికీ అడ్డం వచ్చింది. మగవాళ్ళు నిలబడే ఎత్తుకు కట్టిన కిటికీ అది. ఆడవాళ్ళు వస్తే అతనికి బొట్టు దాకా కనిపించేది, కింద నుంచి గొంతు వినిపించేది. మేస్త్రీని బతిమాలి కిటికీని అడుగున్నర దించాడు. దాంతో తాను వంగి కూర్చోవలసి వచ్చింది. కుర్చీ కాళ్ళు కోయించాడు. ఆ మర్నాడు తనిఖీకి వచ్చిన విశ్వేశ్వరరావు గారు, గుమాస్తా ఎందుకో అలిగి నేల మీద కూర్చున్నాడనుకుని, “లేవయ్యా, ఏదైనా ఉంటే మాట్లాడుకుందాం” అని భుజం పట్టుకుని లేపబోయారు.

ఇన్ని సర్దినవాడు కార్డులు పేర్చే పద్ధతి ఒక్కటి మాత్రం ఆలోచించకుండానే పెట్టాడు. ఆలోచించవలసిన విషయమని అతనికి తోచలేదు. పేరులో మొదటి మాట ఇంటిపేరు, ఆ అక్షరం సొరుగులో కార్డు. తెనాలి పక్కన పుట్టినవాడికి ఇంతకంటే సహజమైన సంగతి లేదు. కొల్లూరి సీతారామాంజనేయులు ‘క’లో ఉంటాడు. అంతే.

“సారూ, మా దిక్కు గట్ల కాదు,” అన్నాడు ఎల్లేశం మొదటి వారంలోనే. “మనిషిని ఇంటిపేరుతోని ఎవలు పిలుస్తరు?”

“ఇంటిపేరు లేని మనుషులుంటారటయ్యా?”

“ఉంటది. ఎందుకుండది? పెండ్లిలల్ల, దినాలల్ల పనికొస్తది.”

“ఇక్కడా పనికొస్తుందిలే,” అన్నాడు సీతారామాంజనేయులు. ఎల్లేశం నవ్వి ఊరుకున్నాడు.

పెట్టె పని చేసింది. రోజుకు పదిమంది వచ్చేవాళ్ళు, ఎనిమిది మందికి మనిషి దొరికేవాడు. ఏ ముఠాలోకి మారాడో, ఏ దెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడో, ఏ కల్లు దుకాణం ముందు కొట్లాడి ఠాణాలో కూర్చున్నాడో రెండు నిమిషాల్లో తేలిపోయేది. అందరికంటే సంతోషించినవాళ్ళు ఠాణా జమేదారు, దవాఖాన గేటు కావలివాడు. ఇక నుంచి ఎవరొచ్చి ఏం అడిగినా వాళ్ళు వేలెత్తి టైమాఫీసు చూపించేవాళ్ళు. “అన్ని ఆ కిటికీకాడ్నే తెలుస్తయి, పో” అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా సీతారామాంజనేయులు కళ్ళజోడు తీసి, తుడవనవసరం లేకపోయినా తుడుచుకునేవాడు.

భాగ్యమ్మ అలాగే వచ్చింది. 1971 మార్చి, శుక్రవారం. గోపన్‌పల్లి నుంచి పొద్దున్నే బయల్దేరి మొదట దవాఖాన గేటు దగ్గరకే పోయింది. కావలివాడు కిటికీకి పంపాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. భర్త పెంటయ్య రాళ్ళ క్వారీలో పని చేస్తాడు, బుధవారం పొద్దున పనికి పోయినవాడు తిరిగి రాలేదు.

“ఇంటిపేరేమిటమ్మా?”

ఆమె కొంచెం ఆలోచించింది. “మన్నె.”

‘మ’ సొరుగు తీశాడు. మన్నె వారు ఆరుగురున్నారు, పెంటయ్య లేడు. నీలం, తెలుపు, పసుపు, ఎరుపు, దేనిలోనూ లేడు. క్వారీ ముఠాలు మేస్త్రీ పేరు మీదే ఎక్కేవి కాబట్టి నీలం, తెలుపు లేకపోవడం అతనికి వింతగా తోచలేదు. రెండోసారి చూశాడు. పద్ధతి మీద నమ్మకం ఉన్న మనిషి కాబట్టి మూడోసారి చూడలేదు.

“లేడమ్మా. అంటే మంచిదే. దవాఖానలో లేడు, ఠాణాలో లేడు. బొంబాయి పనికి మనుషుల్ని తీసుకుపోతున్నారు కదా, ఆ లారీల్లో వెళ్ళి ఉంటాడు. నువ్వు ఫికరు పడకు.” ఫికరు అనే మాట అతను ఎల్లేశం దగ్గర నేర్చుకున్నాడు. ఇక్కడివాళ్ళతో ఇక్కడి మాటల్లో చెప్తే ధైర్యంగా ఉంటుందని అప్పుడప్పుడూ వాడేవాడు.

“చెప్పకుండ పొయ్యేటోడు కాదు సారూ.”

“మగవాళ్ళమ్మా. వస్తాడు.”

ఆమె చింతచిగురు కోసి సోమవారం సోమవారం చందానగర్ అంగడికి తెచ్చేది. అంగడికి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర ఆగేది. అతను ‘మ’ సొరుగు తీసేవాడు. లేడనేవాడు. ఆమె ముఖంలో ఒక రకమైన తేలిక కనిపించేది. లేడంటే చావలేదని కదా అర్థం. పోయేముందు కిటికీ చెక్క మీద గుప్పెడు లేత చిగురు పెట్టి, “అమ్మగారికియ్యి సారూ, పప్పుల వేసుకుంటరు” అనేది. వద్దన్నా వినేది కాదు. సుబ్బలక్ష్మి చింతచిగురు పప్పు బాగా చేస్తుంది. అలా పన్నెండు సోమవారాలు గడిచాయి.

పదమూడో సోమవారానికి ముందే మేక వచ్చింది.

డెబ్భై మూడు కార్డులు మళ్ళీ రాయాలంటే పాత రిజిస్టర్లన్నీ తెప్పించాలి. గురువారం మధ్యాహ్నం ఎల్లేశం దవాఖాన రిజిస్టరు సైకిలుకు కట్టుకుని తెచ్చాడు. సీతారామాంజనేయులు పేర్లు చదువుతూ కార్డులు రాస్తున్నాడు, ఎల్లేశం బల్ల అవతల కూర్చుని రంగులు వేరు చేస్తున్నాడు. ఇదివరకు ఈ పేర్లు రోజుకు నాలుగు, అయిదు చొప్పున వచ్చేవి. ఇప్పుడు రెండేళ్ళవి ఒక్కసారిగా ‘గ’లోకి వస్తూంటే అతనికి ఆశ్చర్యం వేసింది.

“ఎల్లేశం, ఈ గోపన్‌పల్లి వారు పెద్ద కుటుంబమేనయ్యా. ముప్ఫై ఒక్కమంది లెక్క తేలారు. పాపం, అందరూ రోగిష్టివాళ్ళే.”

ఎల్లేశం తలెత్తాడు. “ఏ కుటుంబం?”

“గోపన్‌పల్లి రామన్న, గోపన్‌పల్లి పుణ్యవతి, గోపన్‌పల్లి...”

ఎల్లేశం కార్డులు బల్ల మీద పడేసి పగలబడి నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. “అయ్యో సారూ! అది ఊరు! గోపన్‌పల్లి ఊరు సారూ! దవాఖానల ఎవలని అడిగితే ఏమంటరు, గోపన్‌పల్లి రామన్న అంటరు. మా దిక్కు గట్లనే చెప్తరు. నన్ను అడిగినా నల్లగండ్ల ఎల్లేశం అనే అంట. మీరు గిన్ని దినాలు దాన్ని ఇంటిపేరనుకున్నరా?”

సీతారామాంజనేయులు కూడా నవ్వాడు. సిగ్గుగానే నవ్వాడు. ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లుగా ఉండవా? తనది కొల్లూరు కాదా? అదే అందామని నోరు తెరిచి, చేతిలో ఉన్న రిజిస్టరులో తరువాతి వరసలోకి చూశాడు.

మార్చి 17, బుధవారం. గోపన్‌పల్లి పెంటయ్య. క్వారీలో బండ పడింది. తెచ్చినవారు ముఠా మనుషులు. మార్చి 21, ఆదివారం ఉదయం మరణం. మనుషులెవరూ రాలేదు. 23న పారిశుద్ధ్యం వారికి అప్పగింత.

ఎల్లేశం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “ఏమైంది సారూ? ఇంకెవలన్న చుట్టం దొరికిండా?”

అతను రిజిస్టరును బల్ల మీద ఎల్లేశం వైపు తిప్పాడు. ఎల్లేశానికి ఇంగ్లీషు అంతంతే. కానీ ఆ పేరు చదవడానికి సరిపోయింది.

సీతారామాంజనేయులు తారీఖులు లెక్కపెట్టుకున్నాడు. మార్చి పద్దెనిమిది పొద్దున ఎల్లేశం పేరు తెచ్చాడు, తాను పసుపు కార్డు రాశాడు, ‘గ’లో పెట్టాడు. పంతొమ్మిదిన ఆమె వచ్చింది. అప్పుడు ఆ కార్డు ఈ పెట్టెలోనే, ఆమె ముందే ఉంది. మనిషి అరమైలు దూరంలో మంచం మీద, ప్రాణంతో ఉన్నాడు. ఇంకో రెండు రోజులున్నాడు.

ఇంకొక సంగతి తట్టడానికి కొంచెం ఆలస్యమైంది. తట్టాక అది అతన్ని వదల్లేదు. ఈ కిటికీ లేకపోతే ఆమె దవాఖాన గేటు దగ్గర గొడవ పెట్టుకునైనా లోపలికి పోయేది. మంచాలన్నీ వెతుక్కునేది. రెండేళ్ళ క్రితం ఆ ముసలామె తిరిగినట్టు తిరిగి, సాయంత్రానికి అలిసిపోయి, చివరికి అతన్ని చూసేది.

ఎల్లేశం అప్పుడన్నాడు: “తప్పు నాది గూడ ఉన్నది సారూ. పేరు తెచ్చింది నేనే కద. గోపన్‌పల్లి అని నేనే రాసిన. ఆమె గోపన్‌పల్లి అని నాకూ ఎరుకే.”

“నువ్వు మొదటి వారమే చెప్పావు.”

“గట్టిగ చెప్పలే.”

ఆమె వచ్చే సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. సీతారామాంజనేయులు టోపీ తీసుకున్నాడు. “గోపన్‌పల్లి ఎంత దూరం?”

“నాలుగు మైళ్ళు. కూసోండి ఎనుక.”

అతనికి సైకిలు తొక్కడం రాదు. క్యారియరు మీద ఒక పక్కకు కాళ్ళు పెట్టి కూర్చుంటే నల్లగండ్ల దగ్గర ఎల్లేశం వాడకట్టు పిల్లలు వెనక పరుగెత్తారు. ఎవరో “ఎల్లన్నా, పెండ్లికొడుకును ఏడ్కి తీసుకపోతున్నవే?” అని అరిచారు. ఎల్లేశం ఇంకా గట్టిగా తొక్కాడు. ఒక రాళ్ళ ఎత్తు దగ్గర ఇద్దరూ దిగి నడిచారు.

భాగ్యమ్మ ఇంటి ముందు చింతాకు ఆరబోస్తోంది. సైకిలు మీంచి సారు దిగడం చూసి ఆకు వదిలేసి లేచింది. కిటికీ వెనక తప్ప అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంత దూరం తానే వచ్చాడంటే దొరికాడనే అనుకుంది. ముఖమంతా వెలిగింది.

“దొరికిండా సారూ? ఏడ ఉన్నడు? బొంబాయిలనా?” అంటూ లోపలికి పరుగెత్తి నులక మంచం తెచ్చి వాల్చి, కొంగుతో తుడిచింది. “కూసో సారూ. ఎండల వడి వచ్చినవ్. నీళ్ళు తెస్త.”

“వద్దమ్మా. కూర్చో,” అన్నాడు. తాను కూర్చోలేదు.

ఏం చెప్పాలో దారంతా అనుకున్నాడు. చనిపోయాడని చెప్పి, మిగతాది చెప్పకుండా రావచ్చని కూడా అనుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక మొత్తం చెప్పేశాడు. బండ పడడం, ఆదివారం పొద్దున, కార్డు, సొరుగు, అన్నీ చెప్పాడు.

ఆమె ఏడవలేదు. ముందు అతని వైపు, తరువాత ఎల్లేశం వైపు చూసింది, సొంత మనిషి అయితే వేరేగా చెప్తాడేమో అన్నట్టు. ఎల్లేశం తల దించుకున్నాడు.

“నేనొచ్చిన శుక్కురారం... పాణంతోని ఉన్నడా?”

“ఉన్నాడమ్మా.”

“గేటుకాడికి వొయ్యిన. కిటికీకాడికి పో అన్నడు. లోపట్కి వొయ్యి ఉంటే...” అని ఆగిపోయింది. చెయ్యి చాచి, “గా చీటీ ఏది సారూ?” అంది.

పాత కార్డును మేక తిన్నది. అతను జేబులోంచి కొత్తగా రాసింది తీసి ఇచ్చాడు. ఆ పసుపు కాగితాన్ని ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

“గిందుల పెంటయ్య ఏడ ఉన్నడు?”

అతను వంగి చూపించబోయాడు. ఆమె అప్పటికే మొదటి మాట మీద వేలు పెట్టింది.

“అది కాదమ్మా. అది ఊరు. గోపన్‌పల్లి. పక్కది పేరు.”

ఆమె వేలు కొంచెం జరిపింది. మళ్ళీ వెనక్కి జరిపి, మొదటి మాట మీదే ఉంచింది.

“ఊరు ముందటనే ఉన్నది గద సారూ,” అంది. తిట్టలేదు. అడిగినట్టు కూడా అనలేదు.

మర్నాడు ఎల్లేశం ఆమెను క్వారీ వెనక తూర్పు గట్టుకు తీసుకుపోయి, పెంటయ్యను పూడ్చిన చోటు చూపించాడు. ఏ చోటో ఖచ్చితంగా పారిశుద్ధ్యం వాళ్ళకూ గుర్తు లేదు. అటుపక్కా, ఇటుపక్కా అన్నారు. ఆమె అటుపక్కా ఇటుపక్కా రెండు చోట్లా మొక్కింది. పసుపు కార్డు తిరిగి ఇవ్వలేదు. తరువాత ఆమె అంగడికి వచ్చేది గానీ కిటికీ దగ్గర ఆగేది కాదు. సీతారామాంజనేయులు ఇంట్లో చింతచిగురు వండటం మానేశారు. ఎందుకో సుబ్బలక్ష్మికి అతను ఏడాది తరువాత గానీ చెప్పలేదు.

అతను పెట్టెను ఊడదీసి మళ్ళీ కట్టాడు. ఒక్క మనిషికి ఇప్పుడు నాలుగు కార్డులు: పేరు మీద ఒకటి, ఊరి మీద ఒకటి, తండ్రి పేరు మీద ఒకటి, తెచ్చినవాళ్ళ పేరు మీద ఒకటి. పెట్టె అల్మరా అయింది, అల్మరా గోడంత అయింది. కిటికీ దగ్గర ఇంటిపేరేమిటని అడగడం మానేశాడు. “ఎవరి కోసం వచ్చావమ్మా? ఎట్లా ఉంటాడు?” అని అడిగేవాడు. చెప్పేవాళ్ళు చెప్పినంతసేపూ వినేవాడు. చేతి మీద పచ్చబొట్టు, కాలికి కడియం, పిలిస్తే పలకని చెవి, ఇవన్నీ రాసుకునేవాడు. ఇంకో కిటికీ పెట్టించి ఎల్లేశాన్ని అక్కడ కూర్చోబెట్టమని మూడుసార్లు రాశాడు. మూడు కాగితాల మీదా ‘చూశాను’ అని వచ్చింది.

దవాఖాన గేటు కావలివాడితో మాట్లాడాడు. అడిగినవాళ్ళను లోపలికి పోనివ్వమన్నాడు. “మీ కిటికీ ఉన్నంక నాకెందుకు పరేషాని సారూ?” అన్నాడు కావలివాడు. కిటికీ పెట్టింది తనే.

అందుకని పెట్టెలో దొరకని రోజున లేచి, కోసిన కాళ్ళ కుర్చీని వెనక్కి నెట్టి, టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ళ వెంట తానే నడిచేవాడు. ముందు దవాఖాన, మంచం మంచం దగ్గరా ఆగడం. తరువాత ఠాణా, ఆ తరువాత గుత్తేదారు పాకలు. చాలాసార్లు మనిషి ఎక్కడా ఉండేవాడు కాదు. బొంబాయి పోయి ఉండేవాడు, నెలకు ఉత్తరం వచ్చేది. అలా మైలున్నర తిరిగి వచ్చేసరికి కిటికీ దగ్గర పదిమంది నిలబడి ఉండేవాళ్ళు. వాళ్ళకు కోపం వచ్చేది. అందులో సబబు ఉందని అతను ఒప్పుకునేవాడు.

ఆ తరువాత నాలుగో ఏట ఫిర్యాదులు విశ్వేశ్వరరావు గారి దాకా పోయాయి. ఆయన స్వయంగా వచ్చారు. కిటికీ మూసి ఉంది. ఎల్లేశం అరుగు మీద కూర్చుని జనాన్ని సముదాయిస్తున్నాడు. దవాఖాన దారి నుంచి సీతారామాంజనేయులు ఒక ముసలాయన పక్కన, అతని నడక ఎంత మెల్లగా ఉంటే అంత మెల్లగా నడిచి వస్తున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. వరండా మీద కాలు పెట్టి, కిటికీ ముందు తరువాతి మనిషిగా నిలబడిన ఒకామెతో రెండు మాటలు మాట్లాడి, లోపలికి పోయి మూడు సొరుగులు తీసి, మూసి, మళ్ళీ టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఏమయ్యా ఆంజనేయులూ, కర్మాగారం మొత్తంలో ఇంత మంచి పెట్టె చేసి పెట్టింది నువ్వే, దాని దగ్గర కూర్చోకుండా ఎండలో ఊరు పట్టుకు తిరిగేదీ నువ్వే. జనం నన్ను తింటున్నారయ్యా, పెట్టెలో లేడంటే లేడనే కదా, ఆ మాట చెప్పి పంపించెయ్యక ఎక్కడికి మళ్ళీ?”

“పెట్టెలో లేని మనిషి మంచం మీద ఉండొచ్చు కదండీ, చూసొస్తాను.”